పిన్నీ, ఆ మెసేజ్ నాకు ఇప్పటికే వచ్చింది

ఈ వారంలో నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత మా పిన్ని దగ్గర్నుంచి, నిన్న రాత్రి నాతోపాటు ఓపెన్ డిగ్రీ చేసిన స్నేహితురాలి దగ్గర్నుంచే! "పిల్లలు పుట్టాక కాలేజీకి వెళ్లే తల్లులకు ఆరు చేదు నిజాలు" అట. పైన ఏడుస్తున్న పాప బొమ్మ, కింద వరసగా దండాలు.

మొదటి నిజం: "ఓపెన్ డిగ్రీకి విలువ లేదు." 1982లో పుట్టిన దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఉన్నది మన హైదరాబాద్‌లోనే. జూబ్లీహిల్స్‌లో దాని ముందునుంచే రోజూ కార్లలో పోతూ ఈ మాట ఫార్వర్డ్ చేస్తారు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీ సమానమేనని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీయే 2022లో మళ్లీ చెప్పింది. "చేరేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి" అని రాసి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని.

"వయసు దాటితే సీటివ్వరు." బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు గరిష్ఠ వయసే లేదు. 39 ఏళ్లకు రాశాను. గేటు దగ్గర వాచ్‌మన్ "పేరెంట్స్ అటు కూర్చోండమ్మా" అన్నాడు, అదొక్కటే ఇబ్బంది.

"బస్సు ఖర్చు తడిసి మోపెడవుతుంది." 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. తర్వాత?

"మెదడు మొద్దుబారుతుంది." పాల లెక్క, ట్యూషన్ ఫీజు గడువు, అత్తగారి బీపీ మాత్రల వేళలు మోసే మెదడు కాకతీయుల దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుందా? పోనివ్వండి.

ఇక ఐదోది. "తల్లి పుస్తకం పడితే పిల్లల చదువు అటకెక్కుతుంది. పదో తరగతి పిల్లాడు ఫెయిలైతే ఆ పాపం ఎవరిది?" మిగతావి తెలియక రాసిన మాటలు. ఇది మాత్రం కావాలని భయపెట్టడానికి రాసింది. మా కింది ఫ్లాటావిడ ఇది చదివి బీఈడీ కౌన్సెలింగ్‌కే వెళ్లలేదు. ర్యాంకు కార్డు బీరువాలో చీరల కింద ఉంది. మెసేజ్ మొత్తం వెతికాను, నాన్న అనే మాట ఒక్కచోటా లేదు. మా బ్లాకులోనే ఒకాయన రెండేళ్లు శని, ఆదివారాలు ఎంబీఏ క్లాసులకు వెళ్లారు. ఆయన పిల్లలు ఏమైపోతారని ఎవరూ బెంగపడలేదు. పాసయ్యాక గ్రూపులో అందరం పూలగుత్తులు పెట్టాం. నేనూ పెట్టాను. పాపానికి కూడా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లనే పట్టుకోవడం వచ్చన్నమాట!

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆదివారం నేను స్టడీ సెంటర్‌కు వెళ్తే మావారు ఉప్మా చేసేవారు. మొదటి నెలంతా ఉండలే. రాత్రి నేనూ మావాడూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. రెండో సెమిస్టరుకల్లా నా అసైన్‌మెంట్ గడువు వాడే గుర్తుచేసేవాడు, అదీ మా టీచరు కంటే కటువుగా.

ఆరోది: "చాలామంది సగంలో మానేస్తారు."

నిజమే. నేనూ మానేశాను. మావాడికి ఒళ్లు కాలిపోతున్నా ఒక ఆదివారం క్లాసుకు వెళ్లిపోయాను. సాయంత్రానికి ఒంటినిండా అమ్మవారు పోసి ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు పుస్తకం ముట్టుకోలేదు. ఆదివారాలు వాడి దగ్గర తానుంటానని మా అత్తగారు అన్నాకే మళ్లీ మొదలుపెట్టాను. ఆవిడ అనకపోతే ఆ పుస్తకాలు పాతపేపర్లతో పాటే పోయేవి. సాయం లేని ఇంట్లో ఇది కుదరదని ఎవరైనా అంటే నేను కాదనలేను.

పిన్నీ, ఈసారి పంపేటప్పుడు ఆరోది ఒక్కటి ఉంచి మిగతావి కొట్టెయ్. కింది ఫ్లాటావిడకు మాత్రం అదీ పంపకు, కౌన్సెలింగ్ ఇంకో విడత ఉంది.