టేబుల్ కింద మర్యాదలు

మా డైనింగ్ టేబుల్ కింద మనిషి పట్టే చోటు లేదన్న సంగతి భూకంపం వస్తేగానీ మాకు తెలిసిరాలేదు.

అక్కడ టీవీ కొన్నప్పటి అట్టపెట్టె ఉంది. టీవీ ఎప్పుడో పోయింది, పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. దాని పక్కన మూలపడ్డ మిక్సీ, పాత పేపర్ల కట్టలు, ఎప్పటికైనా పనికొస్తాయన్న ఒక్క అర్హత మీద బతుకుతున్న ఖాళీ డబ్బాలు. అన్నీ అమ్మ ఆస్తి. వాటిని కదిలించే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, భూమికి తప్ప.

అక్కా బావగారూ వచ్చిన రోజది. మొదట చిన్న కుదుపు. రోడ్డు మీద లారీ పోతోందనుకున్నాం. బావగారు మాత్రం చూపుడువేలు పైకెత్తారు. "ఇవి పీ తరంగాలు. వేగం ఎక్కువ, హాని తక్కువ. వెనకాల ఎస్ తరంగాలని వస్తాయి. అవి కాస్త నెమ్మది, కానీ అసలు ఊపు వాటిదే. ఈ రెంటికీ మధ్య దొరికే వ్యవధిలో మనం ఏం చెయ్యాలంటే..." చెప్పేలోపే ఆ వ్యవధి అయిపోయింది.

ఇల్లు ఊగడం మొదలెట్టింది. షోకేసులో గాజు సామానంతా గలగలలాడింది. పక్క గదిలోంచి మేనకోడలి గొంతు ఖంగుమంది: "వంగండి, దూరండి, పట్టుకోండి!" దానికి స్కూల్లో ఇవన్నీ ప్రాక్టీసు చేయించారు. అప్పటికే తన చదువుకునే బల్ల కింద మోకాళ్ళ మీద ఉంది. ఒక చెయ్యి మెడ మీద, రెండో చెయ్యి బల్ల కాలి మీద. నిలబడి ఉంటే ఊపుకి ఎలాగూ పడతాం కాబట్టి ముందే వంగాలట. ఊపులో బల్ల పక్కకి జరిగిపోతుంది కాబట్టి దాని కాలు పట్టుకుని, అదెటు పోతే మనమూ అటే పోవాలట.

మేమూ డైనింగ్ టేబుల్ దగ్గరికి పరిగెత్తాం. అందరం వంగాం. దూరడం దగ్గరే ఆగిపోయింది వ్యవహారం. అట్టపెట్టెకీ మిక్సీకీ మధ్య ఒక్క మనిషికే సందుంది.

"మీరు కానివ్వండి అల్లుడుగారూ," అన్నారు నాన్న.

"అయ్యో, మీరుండగా నేనా? మీరు పదండి మావయ్యగారూ."

"మా ఇంటికొచ్చినవాళ్ళు మీరు..."

"మీరు పెద్దవారు..."

ఫ్యాను ఊగుతోంది. గోడ మీది ఫొటోలు ఊగుతున్నాయి. వీళ్ళ మర్యాద మాత్రం స్థిరంగా ఉంది. ఈలోగా అమ్మ, "ఆ పెట్టె మీద కాలెయ్యకండి, నలిగిపోతుంది!" అని కేకేసింది. నాన్నకి చిర్రెత్తుకొచ్చి, మీరూ మీ టేబులూ అని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. భూకంపంలో గుమ్మాన్ని మించిన చోటు లేదని ఆయన నమ్మకం.

ఈ నమ్మకం ఆయనొక్కడిదే కాదు. ఎప్పుడో కాలిఫోర్నియాలో మట్టి ఇటుకల ఇల్లొకటి కూలి, ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉన్న ఫొటో లోకమంతా తిరిగింది. దాంతో గుమ్మానికి ఎక్కడలేని పేరొచ్చింది. ఇప్పటి ఇళ్ళలో గుమ్మం మిగతా ఇంటికంటే గట్టిదేమీ కాదు. పైగా దానికో తలుపుంటుంది. ఆ తలుపు కూడా ఊగుతుంది. ఊగి, వచ్చి నాన్న ముక్కుని పలకరించింది.

ఇంత గొడవలోనూ అన్నీ పద్ధతి ప్రకారం చేసింది నాయనమ్మ. మంచం మీద ఉన్నవాళ్ళు దిగి పరుగెత్తకూడదు, బోర్లా తిరిగి దిండు తల మీద పెట్టుకోవాలి. మా గోల భరించలేక ఆవిడ ముందే అలా పడుకుంది. భూకంపం సంగతి ఆవిడకి తర్వాత మేం చెబితే తెలిసింది.

చాలా భూకంపాల్లో ఊపు కొన్ని సెకన్లే ఉంటుంది. కాబట్టి మా టేబుల్ కింద ఎవరు ముందన్నది తేలకుండానే ఊపు ఆగిపోయింది.

అప్పుడు వచ్చింది అసలు వేగం. బావగారు వట్టి కాళ్ళతో గాజు పెంకుల మీదుగా లిఫ్టు వైపు దౌడు తీయబోయారు. మేనకోడలు చొక్కా పట్టుకుని ఆపింది. "నాన్నా, ముందు చెప్పులు. లిఫ్టు వద్దు. కరెంటు పోతే అందులోనే ఉండిపోతావ్." అమ్మ గ్యాస్ కట్టేసింది. ఆ పూట ఎవరూ వాదించకుండా జరిగిన మంచి పని అదొక్కటే. చీకట్లో అందిన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాం. నాన్న కాళ్ళకి అక్క చెప్పులున్నాయి.

కింద బిల్డింగ్ జనమంతా చేరారు. ఎక్కడ? సరిగ్గా గోడవారన, బాల్కనీల కింద, పూలకుండీలకి నిలువునా దిగువన. మళ్ళీ ప్రకంపనలొస్తే ముందు రాలేవి అవేనని మేనకోడలు అందరినీ తోలుకెళ్ళింది. వెళ్ళి కరెంటు తీగల కింద నిలబడ్డాం. అక్కణ్ణించీ తోలింది. ఖాళీ స్థలంలోకి వచ్చాక ఎవరికీ ఏమీ కాలేదని తేలింది, నాన్న ముక్కు తప్ప.

ఇక తీవ్రత మీద వేలంపాట మొదలైంది. ఒకాయన నాలుగన్నాడు, ఇంకొకాయన నాలుగున్నర. పై ఫ్లోర్ ఆయన మాత్రం, "మీ ఫ్లోర్‌లో నాలుగేమో గానీ, మాకు కచ్చితంగా ఆరు!" అన్నాడు.

బావగారికి ప్రాణం లేచొచ్చింది. "ఒక భూకంపానికి మాగ్నిట్యూడ్ ఒకటే ఉంటుందండీ, ఫ్లోరుకొకటి ఉండదు. 1935లో రిక్టర్ అనే ఆయన ఈ లెక్క తెచ్చాడు. ఒక్క అంకె పెరిగితే నేల కదలిక పది రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు. నాలుగుకీ ఆరుకీ మధ్య శక్తి వెయ్యి రెట్లు!"

"అదే కదండీ నేనూ అంటున్నది. మేం పడ్డది మీకంటే వెయ్యి రెట్లు," అన్నాడాయన.

పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయన్నది నిజమే కాబట్టి బావగారు గట్టిగా కాదనలేకపోయారు.

మర్నాడు అమ్మ టేబుల్ కింద ఖాళీ చేసింది. పెట్టె, మిక్సీ, కట్టలు, డబ్బాలు అన్నీ బీరువా నెత్తినెక్కాయి. మేనకోడలు చూసి తల పట్టుకుంది. బరువులు కిందే ఉండాలి, బీరువాని గోడకి బిగించాలి, మంచం దాని పక్కన ఉండకూడదు. అమ్మ అంతా విని, బీరువాని బిగించడానికి ఒప్పుకుంది. పెట్టె మాత్రం దిగలేదు.

సాయంత్రం మళ్ళీ చిన్న ప్రకంపన వచ్చింది. ఈసారి అందరం ఠక్కున టేబుల్ కింద దూరాం. లెక్క చూసుకుంటే నాన్న లేరు. ఊపు ఆగాక వెతుక్కుంటూ పై ఫ్లోర్‌కి వెళ్ళాం. అక్కడ టేబుల్ కింద ఆయనా, ఆ ఇంటాయనా తలలు కప్పుకుని పక్కపక్కనే ఉన్నారు. ఇది మూడా, మూడున్నరా అని పందెం కాస్తున్నారు.