‘డైరెక్ట్ ఫిట్’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘డైరెక్ట్ ఫిట్’ గారి దివ్యసముఖానికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పాత మర్యాద. దాన్ని పాటించాలని నాకూ ఉంది. కానీ నిన్న సాయంత్రం క్లచ్ లివర్‌ను హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కిపట్టి మొదటి గేరు వేసిన క్షణంలో నా స్కూటరు, క్లచ్ అనే పరికరం లోకంలో పుట్టనే లేదన్నట్టు ముందుకు దూకి, ఎదురుగా ఉన్న గోడను గుద్ది, మడ్‌గార్డు మూతి సొట్ట పెట్టుకుని ఆగింది కనుక, ఈ లేఖలో కుశలం ఒక పక్షానికే పరిమితమని మనవి చేసుకుంటున్నాను. గోడ క్షేమం. నేను కొన్న 6 ప్లేట్ల క్లచ్ సెట్టు పెట్టె మూతమీద, ‘నేరుగా సరిపోతుంది’ అని హామీ ఇస్తూ తమరూ క్షేమంగానే ఉన్నారు, ఎర్ర సిరాతో, రెండు ముక్కలుగా, చివర ఒక ఆశ్చర్యార్థకంతో.

నా ఫిర్యాదు ప్లేట్లమీద కాదని ముందే స్పష్టం చేస్తున్నాను. అవి ఏదో మోటారుసైకిలు కోసం పుట్టినవి, ఆ ఇంట్లో తమ పని తాము బుద్ధిగా చేసుకునేవి. నా స్కూటరుమీద అంతకన్నా కాదు. అది 1960ల నాటి లాంబ్రెట్టా ఎల్.ఐ. 150; ఇటలీలోని మిలానోలో 1971లోనే తయారీ ఆగిపోయిన వంశానిది; తన చైన్ కేసులోకి ఎన్నడో ఒక మోటారుసైకిలు ప్లేట్లు కాపురానికి వస్తాయని ఎదురుచూస్తూ కూర్చున్నది కాదు. నా తగాదా అంతా ఈ రెండు కుటుంబాల నడుమ నిలబడి, ‘జాతకాలు నేను చూశానండీ, బ్రహ్మాండంగా కలిశాయి’ అని ఇటూ అటూ తలూపించిన పెళ్ళిళ్ళ పేరయ్యతో. అంటే తమరితో.

నా తప్పు నేను దాచుకోను. ఈ స్కూటరుకు పుట్టుకతో వచ్చిన 148 సి.సి. ఇంజను శక్తి 7 హార్స్‌పవర్ కూడా ఉండదు. ఆ శక్తికి 4 కార్క్ ప్లేట్ల క్లచ్ నిక్షేపంగా సరిపోయేది. కూర్చున్న కొమ్మను నరుక్కునే అలవాటున్నవాడిని కనుక నేనే దానికి 175 సి.సి. సిలిండరు తగిలించాను. ఆనాటి నుంచి మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తిప్పితే క్లచ్ పట్టు చాలక జారి, ఇంజను కేక పెరిగేది గాని బండి వేగం పెరిగేది కాదు. పెద్ద వెస్పాల్లో అయితే క్లచ్ నేరుగా ఇంజను ఇరుసైన క్రాంక్‌షాఫ్టు కొసనే కూర్చుంటుంది. లాంబ్రెట్టాలో అది చైనుకు అవతల, పెద్ద పళ్ళచక్రంలో ఉంటుంది కనుక, క్రాంకు తిప్పే బలం సుమారు మూడు రెట్లయి దాని నెత్తిన పడుతుంది. ఆ భారాన్ని మోయించడానికి ఉన్న దారులు రెండు. గట్టి స్ప్రింగులు వేసి ఎడమ చేతిని పహిల్వాను చేతిగా మార్చుకోవడం ఒకటి. స్ప్రింగుల జోలికి పోకుండా రాపిడి తలాల సంఖ్య పెంచడం రెండోది. ప్లేటుకు రెండు ముఖాలు కనుక 4 ప్లేట్లంటే 8 తలాలు, 6 ప్లేట్లంటే 12 తలాలు. అదే స్ప్రింగు, అదే రాపిడి గుణం అయితే పట్టు ఒకటిన్నర రెట్లు. ఇంత అందమైన లెక్క పక్కన తమరి పేరు కూడా అచ్చయి కనిపిస్తే ఎవడి మనసు నిలుస్తుంది?

అవాంతరాలన్నీ ఏకరువు పెట్టి తమరి విలువైన కాలాన్ని హరించను. పెట్టెలో చైన్ కేసు మూత నుంచి నూనె కారకుండా ఆపే గాస్కెట్ లేదు. పాతది విప్పగానే మూడు ముక్కలైంది. కరపత్రంలోని బొమ్మ నకలుకు నకలు తీసినది కావడంతో అందులో ఉన్నది క్లచ్చో, ఉల్లిపాయ అడ్డకోతో తెలియలేదు. ఏ నూనె పోయాలో ఒక్క ముక్క లేదు; కార్క్‌ను పెట్టుకుని ఎస్.ఏ.ఇ. 90 గేర్ ఆయిల్‌తో బతికిన ఇంట్లోకి, నూనెలో మునిగి పనిచేసే క్లచ్‌ల కోసం పెట్టిన జాసో ఎం.ఏ. ప్రమాణపు మోటారుసైకిలు నూనెలకు అలవాటుపడ్డ ప్లేట్లు వస్తున్నప్పుడు కనీసం ఆ సంగతయినా ప్రస్తావించవలసింది. ‘ఏముంది, అరగంట పని’ అన్న మిత్రులు తమరి బంధువులేమోనని నాకు అనుమానం కాని, వాళ్ళ విచారణ వేరే లేఖలో పెట్టుకుంటాను.

ప్లేట్ల చెవుల సంగతి మాత్రం చెప్పక తప్పదు. రాపిడి ప్లేటు అంచున ఉండే చెవులు క్లచ్ గిన్నెకు కోసిన గాళ్ళలో జారుతూ ఉండాలని తమరికి తెలియనిది కాదు. తమరి ప్లేట్ల చెవులు ఆ గాళ్ళకన్నా వెంట్రుకవాసి వెడల్పు. సుత్తితో కొడితే దిగుతాయి, కాని దిగిన చోటనే స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి. అందుచేత ఆకురాయి తీసుకుని, చెవి తరవాత చెవి, ప్లేటు తరవాత ప్లేటు, అల్యూమినియం పొడి మూకుడులో పోగవుతుండగా ఉదయమంతా రాస్తూ కూర్చున్నాను. చెవులను లెక్కపెట్టడం రెండో ప్లేటుతోనే మానేశాను. ఇందులో తొందర పనికిరాదు. ఒక చెవి తక్కువ అరిగి ఇంకో చెవి ఎక్కువ అరిగితే మొత్తం బరువు ఒక్కదానిమీదే పడుతుంది. అన్నీ ఎక్కువ అరిగితే వదులై, గిన్నె వేళ్ళను కొట్టికొట్టి గంట్లు పెడతాయి. ఆ గంట్లలో చిక్కుకున్న ప్లేటు ఆ పైన క్లచ్ నొక్కినా విడిపడదు. మధ్యాహ్నానికి ప్లేట్లన్నీ గిన్నెలో నూనె రాసినట్టు జారాయి. ఇదంతా ‘నేరుగా’ అనే మాటకు తమరి నిఘంటువులో ఉన్న అర్థమై ఉంటుందని సరిపెట్టుకున్నాను.

సరిపెట్టుకోలేనిది ఆ తరవాతిది. ప్లేట్లన్నీ పేర్చి, టూలుతో స్ప్రింగులను అణచి, పైన వాటన్నిటినీ ఊడకుండా పట్టే తెగిన ఉంగరం లాంటి సర్‌క్లిప్ వేయాలి. సర్‌క్లిప్ కూర్చోవలసిన గాడి కనిపించలేదు. ఇంకొంచెం అణిచాను, రేఖామాత్రంగా కనిపించింది. ఇంకా అణిచాను, సర్‌క్లిప్‌ను పెట్టబోతే అది నా చేతిలోంచి ఎగిరి, గది ఆ మూలన బీరువా కిందికి వెళ్ళి ధ్యానంలో కూర్చుంది. మూడో ప్రయత్నంలో టూలును పళ్ళు బిగబట్టి తిప్పి, సర్‌క్లిప్‌ను గాడిలోకి బలవంతాన నెట్టాను. పట్టుకుంది. ఆ సమయంలో నాలో సందేహం పుట్టలేదా అంటే పుట్టింది. తమరి ఎర్ర అక్షరాలను చూసి దాని నోరు మూశాను. తరవాతి కథ గోడకు తెలుసు.

గోడ దగ్గరి నుంచి బండిని తోసుకుంటూ వచ్చాక, మొదట చేయవలసిన పని అప్పుడు చేశాను. వెర్నియర్ తీసి ప్లేటు మందం కొలిచాను. కరపత్రంలో ఉన్నది 2.70 మి.మీ.; నా చేతిలో ఉన్నది 2.85 మి.మీ. రెండో ప్లేటు 2.85. మూడోది, నాలుగోది, చివరికి ఆరోది కూడా 2.85. ఒకటి అటూ ఇటూ ఉంటే పొరపాటు అనుకునేవాడిని. ఆరూ ఒకే అబద్ధాన్ని ఒకే గొంతుతో చెబుతుంటే దాన్ని కట్టుబాటు అనాలి. ఒక్కొక్కటి 0.15 మి.మీ.; ఆరింటికి 0.9 మి.మీ. వినడానికి ఎంత చిన్న అంకె! దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడు. పాత క్లచ్‌లో లివర్ నొక్కితే, ప్లేట్లను అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు 1.5 మి.మీ. కదిలేది, 8 తలాలు ఆ కదలికను పంచుకుంటే ఒక్కొక్కదానికి సుమారు 0.19 మి.మీ. ఖాళీ దొరికేది. 12 తలాలైతే అదే కదలిక 0.125 మి.మీ. చొప్పున వస్తుంది, అసలే పొదుపు సంసారం. అందులోంచి నువ్వు 0.9 మి.మీ. ముందే మింగేశావు. స్ప్రింగు చుట్లు ఒకదానిమీద ఒకటి ఆనుకుపోయి, ప్రెషర్ ప్లేటు కదలడానికి మిగిలింది 0.6. దాన్ని 12 మందికి పంచితే తలకు 0.05 మి.మీ. ఆ సందులో తలవెంట్రుక పట్టదు, చిక్కటి నూనె పొర మాత్రం జిగురులాగా పడుకుంటుంది. ప్లేట్లు విడిపోవాలంటే ఎక్కడికి విడిపోతాయి?

పట్టుకోవడం మహా గొప్పగా పట్టుకుంది, ఆ మాట నిజం. క్లచ్‌కు పట్టుకోవడం సగం పనేనని, వదలవలసినప్పుడు వదలడం మిగతా సగమని నీకెవరూ చెప్పలేదా? కొలవకుండానే ‘సరిపోతుంది’ అని ఎలా అచ్చు వేయించుకున్నావు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక అసలు గిన్నెలో ఈ ఆరింటినీ పేర్చి సర్‌క్లిప్ పెట్టి చూసిన మనిషి నీ వెనకాల ఎవడైనా ఉన్నాడా? ఉంటే ఆ వేళ అతని వేలిముద్రయినా ఆ కరపత్రంమీద పడి ఉండేది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు, ఒప్పుకుంటాను; కాని తాళి కట్టే వేళకు పెళ్ళిపందిట్లో కనిపించకుండా పోయే పేరయ్యను నిన్నే చూశాను. చెవులు నేను అరగదీయాలి, మందం నేను కొలవాలి, నూనె నేను వెతుక్కోవాలి, గోడ నేను గుద్దుకోవాలి, ‘డైరెక్ట్’ మాత్రం నువ్వు!

ఏకవచనంలోకి జారినందుకు మన్నించండి. ఇంతవరకు రాసి కాగితం మడిచి, మళ్ళీ చైన్ కేసు విప్పడానికి వెళ్ళాను. ఆ తరవాతి భాగం మూడు రోజులు గడిచాక రాస్తున్నాను.

రాపిడి ప్లేట్ల మందాన్ని తగ్గించడం నా వల్ల అయ్యే పని కాదు. వాటిమీది పొరను అరగదీయడమంటే వైద్యం కోసం రోగిని చంపడమే. మిగిలింది వాటి మధ్యనుండే స్టీలు ప్లేట్లు. తమరి పెట్టెలోవి 1.5 మి.మీ. మందం. అదే కొలతలో 1.2 మి.మీ. స్టీలు ప్లేట్లు దొరుకుతాయని తెలిసింది. ఒక్కొక్కటి మారిస్తే 0.3 మి.మీ. కలిసివస్తుంది. ఎన్ని మార్చాలి? ఎక్కువ మారిస్తే పేర్పు పలచబడి స్ప్రింగుల ఒత్తిడి తగ్గి, మళ్ళీ జారుడే మొదలవుతుంది; పైగా పలచటి స్టీలు వేడికి తొందరగా వంకరపోతుంది. చిన్ననాటి ఎక్కం ఆదుకుంది. మూడు మూళ్ళు తొమ్మిది. మూడు ప్లేట్లు మార్చాను. 0.9 మి.మీ. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయింది. తమరు కుదిర్చిన పెళ్ళికి ఆ మూడు ముళ్ళూ చివరికి నేనే వేసుకున్నాను.

కొత్తవాటిని అద్దంమీద పడుకోబెట్టి, అంచుల కింద సందులు కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, దూర్చి చూశాను. ఒకటి చిన్న పళ్ళెంలా వంగి ఉంది. దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చాను. రాపిడి ప్లేట్లను రాత్రంతా నూనెలో నానబెట్టాను. ఈసారి టూలును సగం తిప్పేసరికి గాడి మొత్తం కనిపించింది, సర్‌క్లిప్ వేలితో నెట్టగానే టిక్కుమని కూర్చుంది. ఆ టిక్కు కోసం నేను వారం రోజుల జీవితాన్ని ధారపోశానని ఇంట్లోవాళ్ళకు చెబితే వాళ్ళు నా ముఖం వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఇక చెప్పడానికి నాలుక రాని సంగతి. క్లచ్ అద్భుతంగా ఉంది. పాత స్ప్రింగులే కనుక లివర్ రెండు వేళ్ళకు లొంగుతుంది. మూడో గేరులో అదే ఎత్తును ఎక్కించి యాక్సిలరేటరు పూర్తిగా తిప్పాను. ఇంజను కేకతో పాటు బండి కూడా కదిలింది, ఆ కదలడంలో పదేళ్ళ వయసు తగ్గినట్టు కదిలింది. ఆగి ఉన్నప్పుడు ఎడమ పిడిని తిప్పితే న్యూట్రల్ వెతుక్కోకుండానే తగులుతోంది. పాత స్కూటరు నడిపినవాడికి ఇది ఎంతటి ఐశ్వర్యమో వేరే చెప్పాలా? ఉదయం పూట మాత్రం చల్లటి నూనెలో ప్లేట్లు ఒకదాన్నొకటి వదలనని మారాం చేస్తాయి. లివర్ నొక్కిపట్టి రెండు సార్లు కిక్ కొడితే విడిపోతాయి. మోటారుసైకిలు ప్లేట్లను లాంబ్రెట్టాలో పెట్టాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గాని వాళ్ళకు దండం పెడతాను. తమరికి మాత్రం పెట్టను.

కాబట్టి తమరిని పెట్టెమీద నుంచి పూర్తిగా దిగిపొమ్మని నేను అడగడం లేదు. కాస్త పక్కకు జరిగి, ప్లేటు అసలు మందం, పేర్పు మొత్తం మందం, పోయవలసిన నూనె, ఈ మూడింటికీ చోటివ్వండి. అంత చోటు లేదంటే ఆ ఆశ్చర్యార్థకాన్నయినా తీసేయించండి. ఆశ్చర్యపడవలసిన బాధ్యత కొన్నవాడిది, దాన్ని కూడా తమరే నెరవేర్చనవసరం లేదు.

ఇట్లు,
తమరి పుణ్యాన ఆకురాయి పట్టడం నేర్చిన,
సొట్ట మడ్‌గార్డు స్కూటరు యజమాని

తా.క.: నా బండి శబ్దం విని నిన్న మరో లాంబ్రెట్టా యజమాని ఆపి, క్లచ్ సంగతి అడిగి తెలుసుకుని, ఆ ప్లేట్లు నేరుగా సరిపోతాయా అని ఆశగా అడిగాడు. చెవుల గురించి, 0.9 మి.మీ. గురించి, గోడ గురించి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే అతను వంగి, నా క్లచ్ లివర్‌ను రెండు వేళ్ళతో నొక్కి వదులుతూ మురిసిపోతున్నాడు. ‘సరిపోతాయండీ,’ అన్నాను, ‘ఇంట్లో ఒక ఆకురాయి ఉంటే మంచిది.’