గురుకులం సీటు వెనక అసలు కోరిక: చదువుకునే తీరిక

గురుకులాల ప్రవేశ పరీక్షకు నోటిఫికేషన్ పడగానే మండల కేంద్రాల్లో మీసేవల దగ్గర, నెట్ సెంటర్ల దగ్గర రద్దీ మొదలవుతుంది. దరఖాస్తులో ఆధార్ నంబరు అడుగుతారు, కులం అడుగుతారు, ఆదాయం అడుగుతారు, ఏ గురుకులం ముందు కావాలో ఏది తర్వాతో వరసపెట్టమంటారు. ఎందుకు రావాలనుకుంటున్నావని మాత్రం పిల్లను ఎవరూ అడగరు. కేంద్రం నడిపే నవోదయ బడుల దరఖాస్తులోనూ ఆ గడి ఉండదు. అడగలేదు కాబట్టి జవాబు మనమే రాసేసుకున్నాం. ఇంగ్లీషు మీడియం కోసం, రేపటి ఐఐటీ, నీట్ ర్యాంకుల కోసం, ఉచిత భోజనం కోసం. అధికారుల ప్రసంగాల్లోనూ ఫలితాల రోజు వార్తల్లోనూ ఈ మూడే తిరుగుతుంటాయి.

ఈ మూడింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఇవి పెద్దవాళ్ల కారణాలు. పదేళ్ల పిల్లకు ఐఐటీ అంటే ఏమిటో తెలియదు. ఆ పిల్లకు బాగా తెలిసింది తన రోజు ఎలా గడుస్తుందో. కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్లకు రోజులో తనదంటూ చెప్పుకునే గంట ఒక్కటీ ఉండదు. గురుకులానికి వెళ్లాలన్న కోరికకు మూలం అక్కడుంది. ఎవరూ పిలవకుండా, ఏ పనీ పురమాయించకుండా పుస్తకం ముందు కూర్చునే తీరిక ఆ పిల్లకు కావాలి. దీన్ని ఒప్పుకోకుండా గురుకులాల గురించి మనం చేసే చర్చంతా పైపైనే ఉండిపోతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఐదో తరగతి చదువుతున్న ఒక పాపను నేరుగానే అడిగాను, గురుకులంలో ఏముందని పోతానంటున్నావని. "ఆడ రాత్రి స్టడీ అవర్ ఉంటదంట సార్. అప్పుడు ఎవ్వరూ పని చెప్పరంట. మా పెద్దనాయిన బిడ్డ చెప్పింది" అంది. భోజనం గురించి గానీ, ఇంగ్లీషు గురించి గానీ ఒక్క మాట లేదు. ఇంటికెళ్లాక ఏం చేస్తావంటే వరసగా చెప్పుకొచ్చింది. బడి నుంచి రాగానే నల్లా వచ్చే వేళ, బిందెలు నింపాలి. అంగన్‌వాడీ నుంచి వచ్చిన తమ్ముడు పక్కింట్లో ఉంటాడు, వాణ్ని తెచ్చుకోవాలి. అమ్మ పత్తి ఏరి వచ్చేసరికి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాలి. తిన్నాక గిన్నెలు. అప్పుడు హోంవర్కు తీస్తే, ఉన్న ఒక్క గదిలో టీవీ మోగుతుంటుంది. నాలుగు లెక్కల్లో రెండు చేసేసరికి కళ్లు మూతపడతాయి. తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు. బిడ్డ చదవాలనే వాళ్లకూ ఉంది. ఆ ఇల్లు గడవాలంటే ఆ పిల్ల చేతులు కావాలి, అంతే.

ఇది ఒక ఇంటి కథ అనుకోవద్దు. ఆరేళ్లు దాటిన వాళ్లంతా రోజు ఎలా గడుపుతున్నారో లెక్కగట్టే కాలవినియోగ సర్వేను జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేస్తే 289, 88 అని తేలింది. ఐదేళ్లలో ఆడవాళ్లకు మిగిలింది పది నిమిషాలు, మగవాళ్లకు తొమ్మిది. ఎవరి కాలం ఎటు పోతోందో ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు నాకు కనబడలేదు. సర్వే ఆరేళ్ల వయసు నుంచి మొదలుపెట్టిందంటేనే ఆ వయసు పిల్లల రోజులోనూ లెక్కపెట్టాల్సిన పని ఉందని అర్థం. గురుకులం గేటు దాటగానే ఆడపిల్ల నెత్తి మీద నుంచి ఆ బరువు ఒక్కసారిగా దిగిపోతుంది. బాలికల గురుకులాల సీట్ల కోసం ఎగబడటానికి ఇంతకు మించిన వివరణ అక్కర్లేదు.

చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. ఇప్పుడా ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. వెంటనే గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి వచ్చాయి. పదో తరగతికి రాష్ట్ర ర్యాంకులు ప్రకటించే రోజుల్లో ఈ బడుల పేర్లు ఏళ్ల తరబడి ఆ జాబితాల్లో ఉండేవి. అక్కడ చదివిన పిల్లలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మామూలు ఊళ్ల నుంచే వచ్చారు. సిలబస్ కూడా మిగతా రాష్ట్రం చదివిందే. మారింది దినచర్య. పొద్దున వ్యాయామం, పగలు తరగతులు, సాయంత్రం ఆట, రాత్రి చదువు, పక్క గదిలోనే ఉండి సందేహం తీర్చే మాస్టారు. తెలివైన పిల్లల్ని ఏరి తెచ్చారు కాబట్టి ర్యాంకులొచ్చాయని కొందరు తేలిగ్గా తీసేస్తారు. ఏరడం నిజమే. కానీ ఆ తెలివి ఊళ్లో ఉన్నప్పుడూ ఆ పిల్లల దగ్గరే ఉందిగా, అక్కడ దాన్ని వాడుకునే వ్యవధి లేకపోయింది.

మాలావత్ పూర్ణను గుర్తు చేసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గిరిజన బిడ్డ, వ్యవసాయ కూలీల కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి కొండ రాళ్ల మీద మొదలైన శిక్షణ ఆమెను అక్కడిదాకా తీసుకెళ్లింది. ఆ బలం ఆమె ఒంట్లో ఇంటి దగ్గర ఉన్నా ఉండేదే. దాన్ని గమనించే కన్నూ, సాధన చేయించే రోజులూ ఆమెకు ఒక గురుకులంలో దొరికాయి.

పదేళ్ల బిడ్డను తల్లి నుంచి విడదీయడం క్రూరమని వాదించేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో బాధ ఉంది, నిజమూ ఉంది. ట్రంకు పెట్టె, తాళం కప్ప, పచ్చడి సీసా పట్టుకుని మొదటిసారి గేటు లోపలికి వెళ్లే పిల్ల ఏడుపు విన్నవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. కలుషిత ఆహారంతో పిల్లలు ఆసుపత్రుల పాలైన ఘటనలు తెలంగాణలో వరసగా జరిగాయి, 2024 నవంబరులో ఆశ్రమ పాఠశాల విద్యార్థిని ఒకరు ప్రాణం కోల్పోయింది కూడా. ఆలస్యంగానైనా అదే ఏడాది మెస్ చార్జీలు 40 శాతం పెంచి, 3 నుంచి 7 తరగతులకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు చేశారు. వంటగది మీద, నీళ్ల మీద, వార్డెన్ల మీద నిఘా ఇంకా ఎంతో పెరగాలి. ఇవన్నీ గురుకులాలను బాగుచేయడానికి కారణాలు. పిల్లను మళ్లీ బిందెల దగ్గరకు పంపడానికి ఇవి కారణాలు కావు.

రెసిడెన్షియల్ అన్న మాటను కార్పొరేట్ కాలేజీలు పాడుచేశాయన్నది వేరే సంగతి. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా కుర్చీలోంచి కదలనివ్వని ఆ క్యాంపస్‌ల్లో పిల్లవాడి దగ్గరున్న కాస్త తీరికనూ లాక్కుంటారు. గ్రౌండు ఉండదు, లైబ్రరీ ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. రెండూ హాస్టళ్లే కదా అని ఒకే గాటన కట్టకూడదు. ఈ మధ్య కొన్ని ప్రభుత్వ గురుకులాలు కూడా ఆ దారి పట్టి, ఆటల గంటను కోచింగ్‌కు మళ్లిస్తున్నాయి. అది చూస్తే నాకు కోపం వస్తుంది. దేనికోసం పిల్లలు ఇల్లు వదిలి వచ్చారో దాన్నే వాళ్ల నుంచి తీసేసుకుంటున్నారు.

ఇక నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయానికొస్తాను. తీరిక లేని పిల్లకు తీరిక ఇవ్వడానికి పెట్టిన బడికి, తీరిక ఉన్న పిల్లల్ని ఏరే పరీక్ష పెట్టాం.

నవోదయ పరీక్ష చూడండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు మెంటల్ ఎబిలిటీకే. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేదో, అద్దంలో చూస్తే బొమ్మ ఎలా ఉంటుందో, ముక్కలు కలిపితే చతురస్రం ఏదవుతుందో కనిపెట్టాలి. ఇది పుట్టుకతో వచ్చే తెలివిని కొలుస్తుందంటారు. కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లెవరినైనా అడగండి, ఇది పూర్తిగా అలవాటుతో వచ్చే విద్య అని చెబుతారు. అలాంటి బొమ్మలు వేల కొద్దీ చేసి వచ్చిన పిల్లవాడి పక్క బెంచీలో, వాటిని పరీక్ష హాల్లోనే మొదటిసారి చూసే పిల్ల కూర్చుంటుంది. ఓఎంఆర్ షీటులో గడి ఎలా నింపాలన్నది కూడా ఆమెకు ఆ పూటే తెలుస్తుంది. 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే అన్న నిబంధన ఉంది, మంచిదే. అయితే మండల కేంద్రంలో ప్రైవేటు బడిలో చదువుతూ సాయంత్రం కోచింగ్‌కు వెళ్లే వ్యాపారి కొడుకూ గ్రామీణుడే, పత్తి చేలో అమ్మ వెంట తిరిగే పిల్లా గ్రామీణురాలే. నిబంధన ఇద్దరినీ ఒకే తక్కెడలో వేస్తోంది.

పరీక్ష పెట్టే కాలం మరీ అన్యాయం. నవోదయ పరీక్ష డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది, అది పత్తి ఏరే కాలం. తెలంగాణ గురుకులాల పరీక్ష ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. అప్పటికి ఖమ్మం, గుంటూరు వైపు మిర్చి కోతలు ముమ్మరంగా ఉంటాయి. కుటుంబాలకు కుటుంబాలే వలస కదిలే రోజులవి. సరిగ్గా ఏ నెలల్లో ఆ పిల్లలు బడికి దూరమవుతారో ఆ నెలల్లోనే వాళ్ల భవిష్యత్తును తేల్చే పరీక్ష పెడుతున్నాం. హాల్‌టికెట్ వచ్చినా చేల మధ్య గుడిసెలోంచి పరీక్షకు రాలేకపోయిన పిల్లల లెక్క ఏ నివేదికలోనూ ఉండదు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వం ఒక తెలివైన పని చేసింది. పదో తరగతి మార్కులతోనే సీట్లిస్తూ, నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన వాళ్లకు, పదో తరగతికి గ్రేడులిచ్చిన రోజుల్లో, గ్రేడు సగటుకు (జీపీఏకు) 0.4 పాయింట్లు కలిపే పద్ధతి తెచ్చింది. దాన్ని డిప్రివేషన్ స్కోర్ అన్నారు. నాన్ రెసిడెన్షియల్ అన్న ఆ షరతు చాలా ముఖ్యం. రోజూ ఇంటికి వెళ్లి, ఇంటిపని చేసి, మర్నాడు బడికొచ్చి తెచ్చుకున్న మార్కు, హాస్టల్లో ఉండి తెచ్చుకున్న మార్కు ఒకటి కాదని రాష్ట్రమే రాతపూర్వకంగా ఒప్పుకుందన్నమాట. పదిహేనేళ్ల పిల్లల విషయంలో ఒప్పుకున్న ఈ న్యాయం పదేళ్ల పిల్లల పరీక్షలో ఎందుకు లేదు? ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు, వలస కూలీల పిల్లలకు, తల్లో తండ్రో లేని పిల్లలకు ప్రవేశ పరీక్షలో ఇలాగే మార్కులు కలపాలి. పైగా పరీక్షే లేకుండా, బడి మానేసిన పిల్లల్నీ అనాథల్నీ చేర్చుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 నుంచి నడుస్తున్నాయి. అవసరాన్ని బట్టి సీటివ్వడం మనకు చేతకాని పనేం కాదు.

ఇంతచేసినా గురుకులాలు కొందరికే చాలతాయి. తెలంగాణలో వాటిని నడిపే అన్ని సొసైటీలవీ కలిపి వెయ్యికి పైగా ఉన్నా, దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామంది నిరాశతోనే వెనుదిరుగుతున్నారు. ఇప్పుడు ఒక్కోటి సుమారు 200 కోట్లతో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ పాఠశాలలు కడుతున్నారు. కట్టనివ్వండి. సీటు రాని పిల్ల సంగతేమిటన్నది నా ప్రశ్న. ఆ పిల్ల కోరిన తీరిక ఇవ్వడానికి 200 కోట్లు అక్కర్లేదు. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు సాయంత్రాలు బడి తెరిచి, టిఫిన్ పెట్టి, ప్రత్యేక తరగతులు నడిపే పద్ధతి మనకు ఏనాటి నుంచో అలవాటే. గుగ్గిళ్లో, ఉప్మానో తిని పిల్లలు చీకటి పడేదాకా చదువుకోవడం ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలూ చూసిన దృశ్యమే. ఆ ఏర్పాటు రెండు నెలలకే ఎందుకు ఆగాలి, పదో తరగతికే ఎందుకు ఉండాలి?

నాలుగో తరగతి నుంచే ఏడాది పొడవునా సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటిదాకా ఊరి బడి తెరిచి ఉంచాలి. ముందు గంట ఆట, తర్వాత చదువు. అంగన్‌వాడీని కూడా అప్పటిదాకా తెరిస్తే తమ్ముణ్నో చెల్లెల్నో చంకనేసుకుని తిరిగే పని అక్కకు తప్పుతుంది. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యువతీయువకులకు గౌరవ వేతనమిచ్చి అక్కడ కూర్చోబెట్టాలి. ఆడపిల్లల్ని చీకట్లో ఇంటికి చేర్చే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి. పత్తి, మిర్చి కాలంలో వలస ఎక్కువగా ఉండే మండలాల్లో ఆ నాలుగు నెలలైనా పిల్లలు ఊళ్లోనే ఉండేలా సీజనల్ హాస్టళ్లు తెరవాలి. నవోదయ, గురుకుల ప్రవేశ పరీక్షలను పంట కోతల్లేని నెలలకు మార్చాలి. ఇందులో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు. వచ్చే విద్యాసంవత్సరం బడ్జెట్‌లో ఒక పద్దు, విద్యాశాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.