పదిహేడో క్రోమోజోమ్ మీది పొట్టి ముక్క గారికి

మహారాజశ్రీ పొట్టి ముక్క గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీరు ఉండేది నా ఒంట్లోనే కాబట్టి నేను క్షేమమైతే మీరూ క్షేమమే, వేరే అడగనక్కర్లేదు.

నలభై ఆరేళ్లుగా కలిసి బతుకుతున్నా మనకి పరిచయమైంది పోయిన నెలలోనే. ఆన్‌లైన్‌లో జన్యు పరీక్ష కిట్టు ఒకటి కనిపించింది. గొట్టంలో ఉమ్మి పంపిస్తే చాలు, మన గుట్టంతా చెప్పేస్తారట. 9,999 కొట్టేసి 3,999 అని వేశారు. పక్కన ఎర్రగా ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది. రెండు తీసుకుంటే ఇంకో 500 తగ్గింపు. నాకొకటి, మా ఆవిడకొకటి కొనేశాను. ఆరు వారాలకి 42 పేజీల రిపోర్టు వచ్చింది. పదిహేడో పేజీలో మీరు దర్శనమిచ్చారు. సెరటోనిన్ (నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనం) రవాణా జన్యువు, రెండు ప్రతులూ పొట్టివే. అంటే అమ్మ ఒకటి, నాన్న ఒకటి, ఇద్దరూ పంచి ఇచ్చిన ఆస్తి. కింద ఒక వాక్యం: ఒకే విషయాన్ని చెప్పే తీరు మారితే మీ నిర్ణయం మారిపోయే అవకాశం ఎక్కువ.

వెనక్కి తిరిగే గడియారాన్ని చూసి కిట్టు కొన్నవాడికి ఈ సంగతి చెప్పడానికి ఉమ్మి ఎందుకండీ? బిల్లు చూసి చెప్పొచ్చుగా.

మీ గురించి కాస్త చదివాను. సెరటోనిన్ తన పని తాను చేసుకున్నాక దాన్ని మళ్లీ నాడీకణంలోకి తోడేసే పంపు ఒకటుంది. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు చాలావరకు పట్టుకునేది ఆ పంపునే. దాన్ని తయారుచేసే జన్యువు ముందుభాగంలో, స్విచ్చు లాంటి చోట తమరి కాపురం. మీకో పొడుగు అన్నగారు కూడా ఉన్నారు. 1996లో మీ అన్నదమ్ముల తేడా లెక్కేస్తే 44 డీఎన్‌ఏ అక్షరాలు తేలింది. 300 కోట్ల అక్షరాల పుస్తకంలో నలభై నాలుగు! మా వీధి చివర పుట్టినరోజు ఫ్లెక్సీలో శుభాకాంక్షలు చెప్పినవాళ్ల పేర్లే అంతకన్నా ఎక్కువుంటాయి. మీరున్నచోట పంపుల తయారీ కాస్త మందగిస్తుందట.

మీకు పేరొచ్చింది లండన్‌లో. 2006లో అక్కడ కొంతమందిని ఒక ఆటకి కూర్చోబెట్టి, మీకు 50 పౌండ్లు ఇచ్చాం అన్నారు. ఇందులో 20 ఉంచుకుంటారా, జూదమాడతారా అని ఒకసారి అడిగారు. ఇందులో 30 పోగొట్టుకుంటారా, జూదమాడతారా అని ఇంకోసారి. యాభైలో ముప్పై పోతే మిగిలేది ఇరవయ్యే, మూడో క్లాసు పిల్లాడైనా చెబుతాడు. కానీ 'పోగొట్టుకోవడం' అన్న మాట చెవిన పడగానే జనం జూదం వైపు మొగ్గారు. అలా మాటకి పడిపోతున్నప్పుడల్లా బుర్ర లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలా ఉలిక్కిపడింది. 2009లో అదే ఆటని రెండూ పొట్టివే ఉన్నవాళ్లతోనూ, రెండూ పొడుగువే ఉన్నవాళ్లతోనూ విడివిడిగా ఆడించారు. పొట్టివాళ్లే మాట తీరుకి ఎక్కువ లొంగారు. మాటకి ఎదురెళ్లేటప్పుడు పొడుగువాళ్లలో మెదడు ముందుభాగం అమిగ్డాలాకి సర్దిచెప్పుకున్న జాడ కనిపించింది. మన పార్టీలో ఆ సంప్రదింపులే లేవు.

ఇది చదివిన రాత్రి నాకు ఎంత హాయిగా నిద్రపట్టిందో మీకు తెలియంది కాదు. మా తాతగారు అప్పులపాలైతే శని అన్నారు. నాన్న చిట్టీల్లో మునిగితే తలరాత అన్నారు. నాకైతే ఏకంగా ల్యాబు రిపోర్టే ఉంది.

వెంటనే పాత కేసులన్నీ మీ మీద రాసేశాను. 220కి కొన్న షేరు 64కి దిగినా, కొన్న రేటొస్తే అమ్మేద్దామని నాలుగేళ్లుగా కూర్చున్నాను. లాభమొచ్చిన షేరునేమో వారం తిరక్కుండా అమ్మేశాను. ఈ జబ్బుని ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు 1985లోనే కాగితం మీద పెట్టారు. నాకిప్పుడు ముద్దాయి కూడా దొరికాడు. జన్యువుల మీద తోసేస్తే పని జరగదనుకోకండి. 2009లో ఇటలీలోని ట్రియెస్తే అప్పీలు కోర్టు జన్యు పరీక్షల ఫలితాలు కూడా చూసి ఒక హంతకుడికి ఏడాది శిక్ష తగ్గించింది. తగ్గింపంటే అదీ!

అసలు చిక్కు మొన్న ఆషాఢంలో వచ్చింది. బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు. మా ఆవిడకి కావలసింది జాకెట్టు లైనింగ్ గుడ్డ. కుర్రాడు అడక్కుండానే ఒక చీర మడత విప్పి పరుపు మీద పరిచాడు. అంచుకి దారంతో కట్టిన అట్టముక్క మీద 5,800, దానిమీద ఎర్ర సిరా గీత, కింద 2,900. గీత స్కేలుతో కొట్టింది కాదు. కొంచెం వంకరగా, మనం లోపలికొస్తుంటే చూసి గబగబా కొట్టినట్టుంది. ఆ వంకరే నన్ను పడేసింది. మోసం చేసేవాడైతే తిన్నగా కొట్టేవాడు కదా అనిపించింది.

"మేడమ్, మీకు 2,900 మిగులుతోంది" అన్నాడు కుర్రాడు.

మా ఆవిడ అట్టముక్కని లైటు వైపు తిప్పి చూసింది. "గీత బాగుంది బాబూ. గీత కొట్టకముందు ఎంతమంది కొన్నారు?" అని అడిగింది. కుర్రాడు నవ్వి చీర మడతపెట్టాడు. ఆవిడ లైనింగ్ గుడ్డ తీసుకుంది. నేను రెండు కొంటే ఒకటి ఫ్రీ అంటే మూడు చొక్కాలు తెచ్చుకున్నాను. ఫ్రీ చొక్కా నా సైజులో లేదు.

ఇంటికొచ్చాక మీ సంగతి బయటపెట్టాను. "నా చేతుల్లో ఏముంది, అంతా జన్యువుల్లో ఉంది" అన్నాను. "నా రిపోర్టు కూడా వచ్చిందిగా, చూడండి" అంది. చూశాను. అదే పదిహేడో పేజీ, అదే వాక్యం. ఆవిడవీ రెండూ పొట్టివే.

"మా నాన్న జీతం ఇరవయ్యో తారీకుకల్లా అయిపోయేదండీ. ఆ తర్వాతి పదిరోజులూ మా అమ్మతో బజారుకెళ్లుంటే మీకూ వచ్చేది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పండి పొట్టి ముక్క గారూ. అక్కడ పిల్లిలా పడుకుని, ఇక్కడ నా మీద పులివేషాలేమిటి? అనుమానమొచ్చి మళ్లీ వెతికాను. లండన్ ఆట ఆడింది కొద్దిమందే. 2019లో పది లక్షలమందికి పైగా జన్యువులు తిరగేసి, రిస్కు తీసుకునే గుణానికి ఎక్కడెక్కడ జాడలున్నాయో చూశారు. 99 చోట్ల దొరికాయి, ఒక్కోదాని బలం ఆవగింజంత. అంతకుముందు ఊరేగిన పేరున్న జన్యువులకి అందులో ప్రత్యేక పీట ఏమీ వేయలేదు. ఊరి పెద్దనని తిరిగినవాడు తీరా చూస్తే ఓటరు జాబితాలో ఒక పేరన్నమాట. కిట్టు కంపెనీవాడు మాత్రం 2009 దగ్గరే ఆగిపోయి, కొద్దిమంది సంగతిని నా జాతకంగా అచ్చేసి అమ్మాడు. నాకు కోపం మీ మీదకన్నా వాడి మీదే ఎక్కువ.

అయినా ఒక చిన్న ఊరట ఉంది. స్వీడన్‌లో కవలల్ని పరిశీలించినవాళ్లు, రిస్కు తీసుకోవడంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు 20 శాతం జన్యువుల వల్లేనని తేల్చారు. అది జనం మధ్య తేడాల లెక్కే గానీ ఒక మనిషి తప్పుల లెక్క కాదని నాకూ తెలుసు. కానీ 20 శాతం తగ్గింపు కనపడితే నేను వదిలే రకమా? షేరు, చొక్కాలు, కిట్టు అన్నిటి మీదా ఆ మేరకు బిల్లు మీకే పంపుతున్నాను. పొడుగు అన్నగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్నవాడు

తా.క.: ఇది రాస్తుండగా కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఈ రాత్రి 12లోగా ప్రీమియం రిపోర్టు తీసుకోకపోతే 1,500 కోల్పోతానట. టైము పదకొండూ నలభై. మా ఆవిడ నిద్రపోయింది.