నలుగురితో నారాయణా, ఒంటరిగా రీలోడ్

నలుగురూ ఒకే జట్టుగా శత్రువుల్ని కాల్చే కోఆప్ షూటర్ గేమ్ ఒంటరిగా ఆడేవాణ్ని లోకం జాలిగా చూస్తుంది. "అయ్యో, ఫ్రెండ్స్ ఎవరూ లేరా?" అంటారు. ఉన్నారు. అందుకే ఒంటరిగా ఆడుతున్నాను.

2008లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్ సంగతే చూడండి. మనుషులు నలుగురే, జాంబీలకు లెక్కే లేదు. హంటర్ అనే జాంబీ మీదకి దూకి కూర్చుందంటే మన చేతుల్లో ఏమీ ఉండదు, పక్కవాడొచ్చి వదిలించాలి, లేదంటే అంతే సంగతులు. ఒంటరిగా ఆడితే ఆ పక్కవాళ్లుగా మూడు బాట్లు, అంటే కంప్యూటరే ఆడించే మనుషులు, వస్తాయి. మన ప్రాణం కాస్త తగ్గితే తన హెల్త్ ప్యాక్ విప్పి మనకు కట్టు కట్టే రకం. వాటికి పెట్రోలు సీసా విసరడం రాదు. దాన్ని కొందరు లోపం అంటారు, నేను సంస్కారం అంటాను. ఎందుకంటే విసరడం వచ్చిన మనుషులతో కూడా ఆడాను. జాంబీలు వరండా ఆ చివర ఉంటే సీసా సరిగ్గా నా కాళ్ల దగ్గర పగులుతుంది, నేను కాలుతుంటే మైకులో "సారీ బ్రో" అని వినిపిస్తుంది, వెనకాల ఫ్యాను చప్పుడు, ఇంకా వెనకాల ఎవరి అమ్మో అన్నానికి పిలుస్తూ ఉంటుంది.

డీప్ రాక్ గెలాక్టిక్‌లో అయితే ఒంటరిగా గనిలోకి దిగినవాడికి బాస్కో అనే డ్రోన్ తోడొస్తుంది. లైటు వేస్తుంది, చూపించిన చోట తవ్వుతుంది, పడిపోతే లేపుతుంది. ఇంకో మనిషి వచ్చి చేరాడో, బాస్కో ఉండదు. మనిషి రాగానే పనిచేసేవాడు పోవాలన్నమాట.

2024 నాటి హెల్‌డైవర్స్ 2లో మన తూటా మనవాడికి తగలకుండా ఆపే సెట్టింగే లేదు, పైగా ఆకాశం నుంచి బాంబులు వేయించే సౌకర్యం ప్రతివాడి చేతిలోనూ పెట్టారు. శత్రువుల్ని అంత కష్టపడి ఎందుకు తయారు చేశారో నాకు అర్థం కాలేదు.

ఇన్ని మాటలు చెప్పి ఒక్క ఇబ్బంది దాచడం పద్ధతి కాదు. మొన్న బాట్లతో ఆడుతూ ఆఖరి ఘట్టంలో, తలుపు పది అడుగుల్లో ఉండగా చచ్చాను. కోపమొచ్చి మూడో బాటును తిట్టాను, బాగానే తిట్టాను, రెండు నిమిషాలు. దానికి చీమ కుట్టినట్టైనా లేదు. ఎదురు తిట్టదు, మైకు ఆపేసి వెళ్లిపోదు, మర్నాడు అలగదు. ఓటమి మొత్తం నా ఒక్కడి నెత్తినే పడింది, పంచుకోవడానికి నాథుడు లేడు. అప్పుడు తెలిసింది, ఈ గేములకు నలుగురు ఎందుకు కావాలో.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఎవరైనా వచ్చి చేరేలా లాబీ తెరిచాను. ముగ్గురొచ్చారు. ఒకడు ఎంతసేపూ గోడల వెంట తూటాలు ఏరుకుంటున్నాడు, ఒకడు "ఒక్క నిమిషం, ఎవరో తలుపు కొడుతున్నారు" అని వెళ్లి ఇక రాలేదు. మూడోవాడు మాత్రం పాపం బాగా ఆడాడు, రెండుసార్లు నన్ను లేపాడు కూడా. పన్నెండో నిమిషంలో ఒక గ్రెనేడ్ తలుపు అంచుకు తగిలి వెనక్కి దొర్లి మా అందరి మధ్యకూ వచ్చి ఆగింది.

"ఎవడ్రా అది వేసింది?" అని అందరికంటే ముందు అరిచింది నేనే. వేసింది కూడా నేనే అనుకోండి.