డైనింగ్ టేబులుగా పడుకున్న తలుపు గారికి

మహారాజశ్రీ తలుపు గారికి,

పెనుకొండ దగ్గర హైవే దిగి లోపలికి పోయే మట్టిదారిలో మా తోడల్లుడు కట్టుకున్న ఫామ్‌హౌస్‌లో, నాలుగు ఇనుప కాళ్ల మీద వెల్లకిలా పడుకుని భోజనాల బల్లగా కొలువుతీరిన తమరికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. నా తెల్ల పంచె ఒక్కటే క్షేమంగా లేదు.

నిన్న మధ్యాహ్నం తమరి వక్షస్థలం మీద నాకు భోజనం వడ్డించారు. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, ఉలవచారు, పక్కన కోసిపెట్టిన బేనీషా మామిడి ముక్కలు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా కంచం నిలబడే చోటు. తమరి ఒంటి నిండా వరసగా ఇనుప గుబ్బలు, గుబ్బకూ గుబ్బకూ నడుమ చెక్కిన తామరపూలు ఉన్నందువల్ల, ఆ బరువైన కంచు కంచాన్ని ఎక్కడ పెట్టినా అది ఒక పక్కకు ఒరిగి మెల్లగా తిరగసాగింది. ఎడమచేయి కంచానికి ఆనకుండా తినాలని మా అమ్మ చిన్నప్పుడు వీపు మీద కొట్టి నేర్పిన పాఠాన్ని పక్కనపెట్టి, ఆ చేత్తో కంచాన్ని గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో సంగటి ముద్ద తుంచుకుని చారులో అద్దబోయే లోపల గిన్నె ఒక గుబ్బ మీదినుంచి జారింది. ఉలవచారు తామరరేకుల సందుల వెంట కాలువ కట్టి, తమరి రెండు రెక్కలూ కలిసే చీలికను చేరుకుని, అక్కడినుంచి ఎక్కడా ఆగకుండా నా ఒళ్లోకి దిగింది. ఉలవచారు మరక సబ్బుకు లొంగదన్న సంగతి తమరికి వేరే చెప్పనక్కరలేదు.

పైన ఒక అద్దం పలక పరిపించవచ్చు గదా అని నేను ఎంతో వినయంగా అడిగాను. మా తోడల్లుడు, పసిబిడ్డ మీద దుప్పటి కప్పి ఊపిరాడకుండా చేయమన్నట్టుగా నా వంక చూసి, "అద్దం పెడితే అసలుదనం పోతుందన్నా" అన్నాడు. నాకు ఆ క్షణాన కోపం రాలేదు. తరువాత వచ్చింది. ఇంకా పోలేదు.

మిగిలిన పాత సామాను సంగతి ఎక్కువ చెప్పను. గంగాళాన్ని బోర్లించి, అడుగున రంధ్రం పొడిచి, లోపల బల్బు వేలాడదీశారు. రోట్లో నీళ్లు పోసి ప్లాస్టిక్ తామరలు వదిలారు, ఊరిబిండి మాత్రం లోపల మిక్సీలో రుబ్బారు. తిరగలి రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ స్నానాలగదికి పోవాలి. ఇత్తడి రెక్కల బల్ల పంకాను ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకున్నా అది తిరగదు, మరదలి కొంగును మాత్రం ఒకసారి పట్టుకుందట. నులకమంచం జోలికి నేను పోను. రాత్రి దాన్ని ఆరుబయట వాల్చుకుని పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. ఈ ఇంట్లో ఏ పనికి పుట్టిందో ఆ పనే చేస్తున్న పాత వస్తువు అదొక్కటే గనుక దానికి నా కృతజ్ఞతలు తమరే అందజేయగలరు.

నా గొడవ తమరితోనే. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని విన్నాను. తలుపు బల్ల అయిందంటే కూడా ఓర్చుకునేవాణ్ణే, ఆ ఇంటికి తలుపు అక్కరలేకపోతే. కానీ ఈ ఇంటికి వాకిలి వైపు, అంటే పడమటి వైపు, కొండ కనబడాలని చెప్పి నేలనుంచి పైకప్పు దాకా అద్దాలు బిగించారు. మే నెలలో, అనంతపురం ఎండలో, పడమటి గోడంతా అద్దం. (కొత్త లెక్కల్లో ఇది శ్రీ సత్యసాయి జిల్లా. ఎండకు మాత్రం ఆ మార్పు ఎవరూ తెలియజేసినట్టు లేదు.) మధ్యాహ్నం రెండు దాటినప్పటినుంచి సూర్యుడు చెప్పులు కూడా విడవకుండా నేరుగా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటాడు. ఏసీ నడిచినంతసేపు అది ఆయనతో కుస్తీ పడుతుంది. నిన్న భోజనాలు ముగిసీ ముగియకముందే కరెంటు పోయింది, జనరేటరులో డీజిలు లేదు. తెప్పిస్తానన్న మనిషి సాయంత్రం దాకా ఫోను ఎత్తలేదు.

ఇప్పుడు తమరి పూర్వోద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగు తట్టు, మట్టిమిద్దెలో. మూరెడుకు మించిన మందంతో గోడలు, దూలాల మీద దంతెలు, వాటి మీద నాపబండలు, ఆ పైన చౌడుమట్టి. వెలుతురుకూ, లోపలి వేడి పైకి పోవడానికీ కప్పులో ఒక గవాచి. వీటన్నిటికీ పెద్ద తమరి జాతి. పొద్దున చల్లగాలి ఉన్నంతసేపు తలుపులు బార్లా తీసి ఉంచేవారు, పది దాటగానే మా అవ్వ లేచి రెండు రెక్కలూ మూసి అడ్డగడియ గోడలోంచి లాగి వేసేది. ఆ తరువాత పొద్దు వాలేదాకా వీధిలో వడగాలి ఎంత అరిచినా లోపల మాకు వినబడేది కాదు. వాకిలి పొట్టిగా, సన్నగా ఎందుకు పెట్టేవారంటే లోపలికి వచ్చేవాడు తల వంచడానికని పెద్దలు చెబుతారు గాని, ఎండకు తగినంత సందు ఇవ్వకుండా ఉండడానికి కూడా అదే మేలని ఆ నడవలో పడుకున్న ప్రతివాడికీ తెలుసు. అంతటి ఉద్యోగం చేసిన తమరు ఈ ఇంట్లో, అద్దానికి పది అడుగుల దూరంలో, ఎండను ఆపగలిగి కూడా ఆపకుండా, ఒంటి మీద పచ్చడి గిన్నెలు మోసుకుంటూ పడుకుని ఉన్నారు. తమరిని నిలబెట్టి ఆ అద్దాల స్థానంలో పెడితే ఇల్లు సగం చల్లబడుతుందని చెప్పాను. "అప్పుడు వ్యూ పోతుంది గదన్నా" అన్నాడు. కొండ ఎక్కడికీ పోదని, నాలుగైదు వందల ఏళ్ల కిందటే అంతకంటే పెద్ద దొరలను చూసిందని నేను అనలేదు. అని ఉండవలసింది.

దొరల మాట వచ్చింది గనుక తమరి వయసు సంగతి కూడా తేల్చుకుందాం. పొద్దున నాకు చూపించినప్పుడు తమరికి నూటయాభై ఏళ్లు. పదకొండింటికి బెంగళూరునుంచి స్నేహితులు దిగేసరికి రెండు వందలు నిండాయి. సాయంత్రం కాఫీల వేళకు తమరు పెనుకొండలోని విజయనగర రాజుల గగన్ మహల్‌నుంచి వచ్చినట్టూ, శ్రీకృష్ణదేవరాయలు తమరిని దాటి లోపలికి నడిచినట్టూ తేలింది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిన మాట నిజమే. అప్పటికి రాయలవారు పోయి 36 ఏళ్లు. వందేళ్లు నిండిన వస్తువును పురావస్తువుగా లెక్కించే చట్టం 1972నుంచి మన దేశంలో ఉందని, అలాంటి సరుకు అమ్మేవాడికి లైసెన్సు ఉండాలని, కాబట్టి వయసు పెంచేముందు కాస్త ఆలోచించమని నేను చెవిలో చెప్పిన తరువాత తమరి వయసు కొంత తగ్గింది. తమరు ఎర్రచందనం కాకపోవడం కూడా తమరి అదృష్టమే. అయి ఉంటే ఇంత దూరం వచ్చేవారు కాదు, ఏదో ఒక చెక్‌పోస్టు ఆవరణలో ఎండుతూ ఉండేవారు.

తమరి అసలు వయసు నాకు తెలిసిన విధం చెబుతాను. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం, ఇంట్లో నీడ అన్నది ఉన్న చోటు తమరి కింద మాత్రమే గనుక, చుట్టాలంతా కార్లలో ఏసీలు వేసుకుని కూర్చున్నాక నేను తుండుగుడ్డ పరచుకుని తమరి కింద నాపబండల మీద పడుకున్నాను. పైన అద్దంలా మెరిసేట్టు పాలిష్ పట్టించిన తోడల్లుడు, కిందివైపు ఎవరు చూస్తారులే అని డబ్బు మిగుల్చుకున్నట్టున్నాడు. ఆ లోపలి ముఖం మీద సున్నపు చారలు అలాగే ఉన్నాయి. పాలావిడ బొగ్గుతో గీసిన గీతలు, అయిదేసికి ఒక అడ్డగీత చొప్పున, ఒక వరుస కొట్టివేసి, రెండో వరుస కొట్టివేయకుండా ఉన్నాయి. ఎవరికో చీటీపాట లెక్క. ఆరంకెల ఫోను నంబరు ఒకటి, దాని పక్కన "చిన్నాయన బూతు" అని పెన్సిలు రాత. రాయలవారి కాలంలో ఎస్టీడీ బూతులు ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. మూలన ఎన్నికల చీటీ అంటించి ఉంది. ఊరి పేరు చెదలు తిన్నాయి, మండలం పేరు మాత్రం మిగిలింది: కొండాపురం.

అక్కడ నా పరాచికాలు ఆగిపోయాయి. కొండాపురం మండలం ఊళ్లంటే నాకు పుస్తకంలో చదివిన ఊళ్లు కావు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడునుంచి గాలేరు-నగరి కాలువలో వచ్చి గండికోట జలాశయంలో నిలిచినప్పుడు, ఆ 26.85 టీఎంసీల కింద పోయిన ఊళ్లలో మా చుట్టాలవి ఉన్నాయి. 2020లో నీటిమట్టం పెంచుతున్నామని చెప్పి తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయించినప్పుడు, ఒక పక్క వీధుల్లోకి నీళ్లు వస్తుండగా మరో పక్క జనం ట్రాక్టర్లకు దూలాలు, బీరువాలు, గేదెల మేతతొట్లు ఎక్కించారు. నీళ్లు వద్దని ఎవరమూ అనలేదు. మా సీమలో నీళ్లు వద్దనేవాడు ఇంకా పుట్టలేదు. కానీ కొత్త కాలనీలో కట్టుకున్న స్లాబు ఇంటి గుమ్మానికి తమరి కొలత సరిపోదు, నిలువ పెట్టుకోవడానికి చోటూ ఉండదు, అటువంటి రోజునే బండి వేసుకుని వచ్చి నిలబడతాడు కొనేవాడు. వంటచెరకు లెక్కన తూకం వేసి కొంటాడు. తమరు తాడిపత్రి మీదుగా ఇదే హైవే ఎక్కి, ఇదే మలుపు దాటి బెంగళూరు వెళ్లి, అక్కడ ఒక గోదాములో పేరూ ఊరూ పోగొట్టుకుని, కొత్తగా "వింటేజ్" అనే ఇంటిపేరు తగిలించుకుని, ఎన్నో రెట్ల ధరకు ఇదే మలుపు దగ్గర మళ్లీ దిగారు. మా తోడల్లుడు బిల్లు చూపించాడు. ఆ మొత్తంలో తమరిని మొదట మోసుకొచ్చి ట్రాక్టరు ఎక్కించిన మనిషికి ముట్టినదెంతో ఆ కాగితం మీద లేదు. ఇది మర్యాదగా రాయవలసిన ఉత్తరమని నాకు తెలుసు, కానీ ఒక ఊరు మునిగిపోతే దాని వాకిళ్లు ఏరుకొచ్చి వాటి మీద పులుసు ఒలకబోసుకుని తినడం సిగ్గులేని పని, దానికి ఎన్ని పాలిష్‌లు పట్టించినా సిగ్గులేని పనే.

వంట చేసే పెద్దామె మాత్రం తమరిని తుడవడానికి రాలేదు. పక్క పల్లె మనిషి. పిలిస్తే గుమ్మం దగ్గరే నిలబడి, "వాకిలి మింద ఎంగిలి పడితే తుడిచేదానికి నాకు చేతులు రావు సామీ, మీరే తుడుచుకోండి" అంది. పండగపూట పసుపు కుంకుమ పెట్టించుకున్న తమరి మీద మెతుకులు ఎత్తలేనని ఆమె బాధ. ఆమె తన అన్నం ముంత తీసుకుని వేపచెట్టు కిందికి పోయింది. మా మరదలు టిష్యూ కాగితాలతో తుడిచింది. తామరరేకుల మధ్య ఇరుక్కున్న ఉలవగింజను మాత్రం ఆమె కూడా తీయలేకపోయింది. చీమలు చూసుకుంటాయి.

ఇంతా రాసి అసలు సంగతి మరిచిపోతానేమో. బయలుదేరేముందు మా తోడల్లుడు కారు దాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, మీ ఊళ్లో పాత మిద్దె ఉంది గదా, దాని తలుపులు ఊరికే పాడైపోతుంటాయి, వరండాలో కాఫీ టేబులుకు సరిగ్గా సరిపోతాయి, వచ్చే ఆదివారం మనుషులను తీసుకుని నేనే వస్తా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నానని ఆయన ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. మా అవ్వ పోయి చాలా కాలమైంది, అయినా మా మిద్దెలో ఇప్పటికీ మనుషులు ఉన్నారు, పది దాటితే ఇప్పటికీ తలుపు మూస్తారు. ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు తమరు ఒకసారి కిర్రుమని ఈ కబురు వినిపించగలరు: ఆదివారం ఆయన వచ్చే వేళకు మా ఇంటి తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంటుంది, ఆ అడ్డగడియను బయటినుంచి లాగినవాడు ఇంతవరకు మా ఊళ్లో లేడు.

ఇట్లు,
తమరి నీడన ఒక మధ్యాహ్నం పడుకున్న
జమ్మలమడుగు తట్టు మనిషి