పది నిమిషాల్లో కొరియా

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దమనిషి ఆదివారం ఇంట్లో కిమ్చీ, అంటే కొరియావాళ్ల క్యాబేజీ ఊరగాయ, చేసి, కొరియా సంస్కృతిని ఆకళింపు చేసుకున్నట్టు ప్రకటించారు. పది నిమిషాలు పట్టిందట. మామూలు గుండ్రటి క్యాబేజీ తరిగి, వెనిగర్ పోసి, కారం, వెల్లుల్లి, టమాటా కెచప్ దట్టించారు. చెవులకి కొరియన్ పాట, చేతికి చాప్‌స్టిక్స్, ఎదురుగా స్టాండులో ఫోన్. ముక్క మూడుసార్లు జారినా వీడియో ఆపలేదు. నాలుగోసారి చేత్తోనే నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, సియోల్ నగరం కనిపించిందన్నారు.

పాపం కొరియా వాళ్లకి ఈ కిటుకు తెలీదు. పొడుగాటి క్యాబేజీని నిలువునా చీల్చి, రేకు రేకుకీ ఉప్పు చల్లి, తెల్ల కాడ విరగకుండా వంగేదాకా గంటల తరబడి ఉంచుతారు. కడిగి, నీళ్లోడ్చి, బియ్యప్పిండి జావలో మిరప్పొడి, అల్లం, వెల్లుల్లి, ముల్లంగి తరుగు, ఉప్పు రొయ్యలు కలిపి మళ్లీ రేకు రేకుకీ పట్టిస్తారు. పులుపు దానంతటదే ఎక్కేదాకా ఆగుతారు. వెనిగర్ సీసా ఒకటి అమ్ముతారని ముందే చెప్పేవాడు లేకపోయాడు!

రొయ్యలు మానేశారని నేను తప్పు పట్టను. అక్కడి బౌద్ధాలయాల్లో చేప, వెల్లుల్లి లేకుండానే చేస్తారు. కెచప్‌ని మాత్రం ఏ బుద్ధుడూ క్షమించడు.

2013లో యునెస్కో గుర్తించింది కిమ్‌జాంగ్‌ని. అంటే చలికాలం ముందు చుట్టాలూ ఇరుగుపొరుగూ కూడి, పెద్ద ఎత్తున కిమ్చీ పెట్టి, పంచుకోవడం. ఈయనగారు మాకు పంచింది ఫొటో.

ఇంతకీ ఆ వెల్లుల్లి వలిచిందెవరు? వాళ్లమ్మగారు. గిన్నెలు తోమిందీ ఆవిడే. ఫొటోలో ఆవిడ లేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన కొరియాని అచ్చంగా పట్టేశారు. అక్కడా తరతరాలుగా కిమ్‌జాంగ్ చాకిరీ ఆడవాళ్ల నడుం మీదే నడిచింది. నవంబరు చలిలో చేతులు కొంకర్లు పోయే నీళ్లలో క్యాబేజీలు కడిగింది అత్తలూ కోడళ్లూ. చుసోక్ అనే పంటల పండక్కి కోడళ్లు పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర మాడితే, మగవాళ్లు తీరిగ్గా వచ్చి పూర్వీకులకి సాష్టాంగపడేవారు. దీన్ని సంప్రదాయమని మురిసిపోయే నోళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రుచి చూసి మెచ్చుకోవడం కాదయ్యా, ముందు ఆ తొట్టి దగ్గర కూర్చుని ఒక్క పూట కడుగు!

వచ్చే ఆదివారం జపాన్ వంతట. బియ్యం కడిగేది ఎవరో అడగబుద్ధి కాలేదు.